దహావీ ఇంగ్లిష్ ‘గ్యారంటీ ప్యాకేజీ’తో జాగ్రత్త: సిరోంచ, రాజురా, బల్లార్షా, కిన్వట్ తల్లిదండ్రులకు

మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దహావీ (పదో తరగతి) ఇంగ్లిష్ ప్యాకేజీ ఒకటి జోరుగా అమ్ముడుపోతోంది. తెలుగులో వివరణ, ముప్పై వ్యాసాలు, గెస్ పేపర్లు, వీడియోలు, పైన ‘మార్కులు గ్యారంటీ’ అనే ముద్ర. రెండు మూడు వేలు పెట్టి కొన్నవాళ్ల దగ్గర ఆ సరుకంతా పేజీ పేజీ తిరగేశాక ఈ హెచ్చరిక రాస్తున్నాం. అందులోని ఇంగ్లిష్‌లో పెద్దగా తప్పుల్లేవు, అచ్చు కూడా బాగుంది. అసలు సమస్య ఏంటంటే అది మన పిల్లలు రాసే పరీక్షకు తయారైనది కాదు. తెలంగాణ పదో తరగతి మెటీరియల్‌కు అట్ట మార్చి, ‘మహారాష్ట్ర బోర్డు’ అని ముద్ర కొట్టి అమ్ముతున్నారు.

అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఒకరు మానేస్తే అదే ఫైలు ఇంకొకరి నంబరు నుంచి వస్తుంది. సరుకును గుర్తుపట్టడం తెలిస్తే ఎవరు అమ్మినా మోసపోరు.

ఇది మన దగ్గరే ఎందుకు చెల్లుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పరీక్షలో ఇంగ్లిష్. ‘తెలుగులో అర్థం చెప్తాం’ అనగానే తల్లికీ తండ్రికీ ప్రాణం లేచొస్తుంది. గోదావరి దాటితే కాళేశ్వరం, ఇటు మంచిర్యాల, ఆదిలాబాద్. అక్కడి చుట్టాల పిల్లలు వాడిన గైడే కదా, ఇంగ్లిష్ ఎక్కడైనా ఇంగ్లిషే కదా అనుకుంటారు. భాష ఒకటే అయినా పేపరు వేరు.

గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల పిల్లలు నాగపూర్ విభాగీయ మండలి కింద, నాందేడ్ జిల్లా పిల్లలు లాతూర్ విభాగీయ మండలి కింద రాస్తారు. పేపరు మాత్రం రాష్ట్రమంతా ఒకటే. మరాఠీ మాధ్యమం పిల్లలకు ఇంగ్లిష్ తృతీయ భాష, పుస్తకం ‘మై ఇంగ్లిష్ కోర్స్‌బుక్’. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ప్రథమ భాష, పుస్తకం ‘ఇంగ్లిష్ కుమారభారతి’. సెమీ ఇంగ్లిష్ దగ్గరే చాలామంది పొరపాటు పడుతున్నారు. గణితం, సైన్సు ఇంగ్లిష్‌లో చదివినంత మాత్రాన ఇంగ్లిష్ పేపరు మారదు. సెమీ పిల్లలు రాసేది తృతీయ భాష పేపరే. ‘మా వాడు సెమీ’ అని చెప్పగానే కుమారభారతి గైడు చేతిలో పెట్టే దుకాణాలున్నాయి, అది కూడా దండగే.

తృతీయ భాష కృతిపత్రిక (ప్రశ్నపత్రం) 80 మార్కులకు ఉంటుంది. మిగతా 20 తోండీ (మౌఖిక) పరీక్షతో కలిపి బడిలో వేసే అంతర్గత మార్కులు. ఆ 80 ఇలా పంచుతారు: భాషాధ్యయనం 10, పాఠ్యపుస్తకంలోని గద్యభాగాలు 20, పద్యాలు 10, పుస్తకంలో లేని గద్యం సారాంశంతో కలిపి 15, రాత నైపుణ్యం 20, అనువాదం 5. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, కొనేటప్పుడు ఇదే కొలబద్ద.

గద్యం 20, పద్యం 10 కలిపి ముప్పై మార్కులు నేరుగా మన పాఠ్యపుస్తకం నుంచి వస్తాయి. ఈ ప్యాకేజీలోని పాఠాలు తెలంగాణ పుస్తకంలోవి. అంటే ఆ ముప్పై మార్కులకు అందులో ఒక్క వాక్యం కూడా పనికిరాదు. దాని బదులు డైరీ ఎంట్రీ, బయోగ్రఫికల్ స్కెచ్, ఎడిటింగ్ ప్యాసేజ్ అని పేజీలకు పేజీలు నింపారు. అవి అవతలి పేపరులో ముఖ్యమైనవే, మన కృతిపత్రికలో వాటికి విడిగా ప్రశ్న లేదు. మోడల్ పేపరులో ‘పార్ట్-బి’ అని కనిపించినా అది నది అవతలి పేపరే అని తెలుసుకోండి.

భాషాధ్యయనం పది మార్కులు మామూలు పిల్లలకు కూడా తేలిగ్గా చేతికొచ్చేవి. తప్పిపోయిన అక్షరాలు పూరించడం, పదాలను అక్షరక్రమంలో పెట్టడం, వాక్యానికి విరామచిహ్నాలు పెట్టడం, ఒక పెద్ద పదంలోని అక్షరాలతో కనీసం మూడేసి అక్షరాల పదాలు నాలుగు కట్టడం, నామవాచకాల గొలుసు. గొలుసులో ముందు పదం ఏ అక్షరంతో ముగిస్తే తర్వాతి పదం ఆ అక్షరంతో మొదలవ్వాలి. రోజూ పావుగంట ఆడుకుంటూ చేసినా వచ్చేస్తాయి. ప్యాకేజీలో వీటి ఊసే లేదు. యాక్టివ్-ప్యాసివ్ వాయిస్ మీద మాత్రం నలభై పేజీలున్నాయి.

ఇక వ్యాసాలు. ‘ముప్పై వ్యాసాలు బట్టీ పట్టండి, ఒకటైనా వస్తుంది’ అని అమ్ముతున్నారు. తృతీయ భాష పేపరులో వ్యాసం రాయమనే ప్రశ్నే లేదు. రాత నైపుణ్యం ఇరవై మార్కుల్లో అయిదు ఉత్తరానికి, అయిదు సంభాషణ లేదా ఉపన్యాసానికి, అయిదు సమాచార మార్పిడికి, అయిదు ఇచ్చిన భావాన్ని విస్తరించడానికి లేదా ఇచ్చిన మొదటి వాక్యంతో కథ అల్లడానికి. భావవిస్తరణకు వ్యాసం పనికొస్తుందిగా అని అడుగుతారు. పనికిరాదు. అక్కడ ఒక సామెతో చిన్న భావమో ఇచ్చి దాని అర్థం విప్పమంటారు. పుస్తకాల మీద బట్టీ పట్టిన రెండు పేజీల వ్యాసం అక్కడ దించితే, దిద్దే టీచరుకు మొదటి రెండు లైన్లలోనే తెలిసిపోతుంది. ఇచ్చిన భావం దారి తప్పితే పొడవుకు మార్కులు రావు. బట్టీ పట్టిన పిల్లలు మధ్యలో ఒక వాక్యం మర్చిపోతే అక్కడే ఆగిపోవడం ఇంకా ఘోరం.

అనువాదం అయిదు మార్కుల్లో జరిగే నష్టం ఎవరి కంటికీ కనపడదు. అక్కడ పదాలు, వాక్యాలు, ఒక జాతీయం లేదా సామెత ఇచ్చి మీ మాధ్యమ భాషలోకి మార్చమంటారు. మరాఠీ బడి పిల్లలు మరాఠీలో రాయాలి. ప్యాకేజీలో అన్నిటికీ తెలుగు అర్థాలే ఉన్నాయి. పిల్లవాడికి అర్థం తెలుసు, పరీక్షలో మరాఠీ మాట నోటికి రాదు. తెలుగు వివరణ అర్థం కావడానికి మంచిదే, వద్దనం. కానీ నోట్సులో పక్కన మరాఠీ గడి తప్పనిసరిగా ఉండాలి. ఇంగ్లిష్ మీడియం పేపరులో ఈ ప్రశ్న ఉండదు.

ఇంకో గుర్తు: మోడల్ పేపరు తలపై ‘100 మార్కులు’ అని ఉంటే అది పాతది. 2018-19లో కొత్త పుస్తకాలతో పాటు భాషల్లో అంతర్గత 20 తీసేసి పూర్తి వందకు పరీక్ష పెట్టారు. 2018లో 89.41 శాతం ఉన్న ఫలితం 2019 మార్చి పరీక్షలో 77.10 శాతానికి పడిపోయింది. తర్వాతి ఏడాది నుంచి 80-20 తిరిగొచ్చింది. ఆ ఒక్క ఏడాది పేపర్లు ఇప్పటికీ ‘లేటెస్ట్’ అని జిరాక్స్ తీసి అమ్ముతున్నారు.

ఏది కొన్నా డబ్బు ఇచ్చేముందు అయిదు నిమిషాలు కేటాయించండి. పిల్లవాడి పాఠ్యపుస్తకం వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫోటో అయినా సరే. గైడులోని మొదటి పాఠం, చివరి పద్యం పేర్లు పుస్తకంతో కలుస్తున్నాయా చూడండి. తర్వాత ఒక మోడల్ పేపరు తెరిచి మార్కులు కూడండి: 10, 20, 10, 15, 20, 5. ఎక్కడ తేడా వచ్చినా వదిలేయండి. పద్యం మీద రసాస్వాదన చూడండి. మన పేపరులో అది అయిదు మార్కులు: పద్యం పేరు అర, కవి పేరు అర, అంత్యప్రాస క్రమం 1, ఒక అలంకారం 1, రెండు మూడు లైన్లలో ముఖ్యభావం 2. ఈ వరసలో లేకుండా పేజీడు సారాంశం ఇచ్చిన గైడుతో పిల్లలకు ప్రాస, అలంకారం రెండు మార్కులు పోతాయి. ఆన్‌లైన్ అయితే ‘డబ్బు కట్టాకే శాంపిల్’ అనేవాళ్లకు అక్కడే నమస్కారం పెట్టేయండి.

పాఠ్యపుస్తకం పీడీఎఫ్ రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గత రెండు మూడేళ్ల అసలు కృతిపత్రికలు బడిలో ఇంగ్లిష్ టీచరును అడిగితే ఇస్తారు. ఈ రెండూ, ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంటే ఆ ప్యాకేజీ కన్నా నయం.

రాత నైపుణ్యం ఇరవై మార్కులను చేత్తో రాస్తేనే పట్టుకోవచ్చు, వీడియో చూస్తే రాదు. ఉత్తరానికి అన్నీ ఎడమ అంచు నుంచి: పంపేవారి చిరునామా, తేదీ, అధికారిక ఉత్తరమైతే ఎవరికో వారి హోదా, చిరునామా, విషయం, సంబోధన, మూడు చిన్న పేరాలు, ముగింపు. ఎక్కువగా మర్చిపోయేవి తేదీ, ‘విషయం’ లైను. ‘యువర్స్’లో అపాస్ట్రఫీ పెట్టడం రెండో జబ్బు. ప్రశ్నలో ప్రకటనో పోస్టరో ఇస్తే అందులోని వివరాలు ఉత్తరంలో కనిపించాలి, వాటికే మార్కులు.

సంభాషణ రాయమంటే కనీసం మూడు విడతల మాటామంతీ ఉండాలి. నమస్కారాలు, కుశలప్రశ్నలతో మూడూ అవగొట్టే పిల్లలు ఉన్నారు, విషయం మీద మాట్లాడకపోతే మార్కు రాదు.

సమాచార మార్పిడి మన పిల్లలు ఎక్కువగా వదిలేసే ప్రశ్న. పట్టికో చార్టో ఇచ్చి పేరా రాయమనో, పేరా ఇచ్చి పట్టిక లేదా కొమ్మల్లా విడిపోయే ట్రీ డయాగ్రమ్ గీయమనో అడుగుతారు. రెండో రకం ఎంచుకుంటే ఇంగ్లిష్ బలహీనంగా ఉన్నవాళ్లకు మేలు, మాటలన్నీ పేరాలోనే ఉంటాయి. శీర్షిక పెట్టాలి, పెన్సిల్, స్కేలుతో గీయాలి, పేరాలోని ఒక్క అంశం కూడా జారిపోకూడదు.

సారాంశానికి మూలంలో మూడో వంతు చాలు. నూట యాభై పదాల గద్యానికి యాభై. ఉదాహరణలు, అంకెల వివరాలు వదిలేసి, సొంత వాక్యాల్లో రాసి, శీర్షిక పెట్టాలి. మూలంలోని మొదటి మూడు వాక్యాలు యథాతథంగా దించడం సారాంశం కాదు. కథకు ఇచ్చిన మొదటి వాక్యాన్ని అలాగే వాడాలి, మొదటి నుంచి చివరి దాకా భూతకాలం మారకూడదు, పేరు పెట్టాలి. వారానికి రెండు ఉత్తరాలు, ఒక కథ, రెండు సారాంశాలు గడియారం పెట్టుకుని రాయించి, బడి టీచరుతో దిద్దిస్తే ఫిబ్రవరికి చేయి తిరుగుతుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, వాళ్లతో జరిగిన చాట్ చెరపకుండా దాచుకోండి. ముందు రాతపూర్వకంగా డబ్బు వాపసు అడగండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు ఫీజు లేదు. యాభై మందికి మించి పిల్లలున్న కోచింగ్ సెంటర్లు మార్కుల గ్యారంటీ ఇస్తూ ప్రకటన వేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్ 13న మార్గదర్శకాలు ఇచ్చింది, ఫిర్యాదులో ఆ మాట రాయండి.

డబ్బు తీసుకుని నంబరు ఆపేసినవాళ్ల విషయంలో ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది. పరీక్షకు రెండు రోజుల ముందు ‘అసలు పేపరు’ ఉందని టెలిగ్రామ్‌లో వచ్చే లింకుల జోలికి అస్సలు పోకండి. చాలావరకు పాత పేపరుకు తేదీ మార్చినవే. నిజంగా బయటపడినదైతే, మహారాష్ట్రలో పరీక్షల అక్రమాలపై 1982 నుంచీ చట్టం ఉంది. కొన్న పిల్లవాడు కూడా చిక్కుల్లో పడతాడు.