ప్రిన్సెస్ కట్ జాకెట్టు పీడీఎఫ్ ప్యాటర్న్ కొంటున్నారా? మంచి బట్ట మీద కత్తెర పెట్టకముందే ఇది చదవండి

రీల్స్ చూసి, చిన్న చిన్న డిజైనర్లు అమ్మే పీడీఎఫ్ ప్యాటర్న్‌లు (ప్రింట్ తీసి, బట్ట మీద పెట్టి కత్తిరించుకునే కాగితం నమూనాలు) కొని, ఇంట్లోనే జాకెట్లు, కుర్తీలు కుట్టుకునే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. "32 నుంచి 44 వరకు ఏడు సైజులు, ప్రిన్సెస్ కట్, మోచేతి దాకా చేతులు, ప్రింట్ తీసి కట్ చేసుకోవడమే" అని ఒక ప్యాటర్న్ ₹450కి తిరుగుతోంది. ప్రిన్సెస్ కట్ అంటే ముందు భాగాన్ని మధ్య ముక్క, పక్క ముక్కలుగా చేసి ఛాతీ మీదుగా నిలువు కుట్టుతో కలిపే జాకెట్టు. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ మధ్య ఇలాంటి ఫైళ్లు ఒక్కరి దగ్గరే లేవు. పేరు మార్చి ఇంకో పేజీలో పెట్టడం వాళ్లకు ఐదు నిమిషాల పని. కాబట్టి పేరు కన్నా ఆ ఫైల్‌లో ఉన్న లోపం ఎలాంటిదో తెలిస్తేనే మీకు ఉపయోగం.

నా సైజు 38, మా వదినది 44. ఒకే ఫైల్‌లో ఇద్దరి సైజులూ ఉన్నాయని కలిసి కొన్నాం. ప్రింట్లు తీసుకున్నాక వదిన గుంటూరు వెళ్లిపోయింది. పెళ్లికి టైమ్ దగ్గర పడుతోందని ఆ వారమే పోచంపల్లి పట్టు చీరలోని జాకెట్టు ముక్క కత్తిరించేసింది. అది చీరతో పాటు నేసి వచ్చిన ముక్క, ఎనభై సెంటీమీటర్లు. మామూలు జాకెట్టు ముక్కయితే బజారుకు వెళ్లి మరోటి తెచ్చుకోవచ్చు. చీరలో వచ్చిన ముక్క పాడైతే ఆ రంగు, ఆ ఇక్కత్ మళ్లీ దొరకవు. కుట్టి వేసుకుంటే మెడ భుజాల మీద నుంచి జారిపోతోంది. ఛాతీ దగ్గర ఉండాల్సిన ఉబ్బు రెండంగుళాలు కిందికి దిగి వేలాడుతోంది. చేతులు చంక దగ్గర కుచ్చులు కుచ్చులుగా వచ్చాయి. వదిన ముప్పై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ కుడుతోంది. కుట్టు తప్పు కాదని ఫోటో చూడగానే అర్థమైంది. నా ప్రింట్లు ఇంకా బట్ట మీదికి ఎక్కలేదు కాబట్టి, అన్ని సైజుల పేజీలూ నేల మీద పరిచి టేపు తీసుకుని కూర్చున్నాను.

మొదట కంటికి ఆనింది కొలత కాదు, గీత మందం. 32 సైజు పేజీలో ముక్క చుట్టూ ఉన్న గీత సన్నగా ఉంది. 44కి వచ్చేసరికి అదే గీత లావెక్కింది. "ఫ్రంట్ సెంటర్, కట్ 2" అన్న అక్షరాలు కూడా పెద్దవయ్యాయి. నిలువు పోగు చూపించే బాణం గుర్తూ అంతే. ఎవరైనా ఒక్కో సైజుకీ విడిగా గీస్తే గీత మందం, అక్షరం సైజు మారవు. అంటే వీళ్లు 32 సైజు ఒక్కటి గీసి, మిగతావన్నీ ఫోటో పెద్దది చేసినట్టు సాగదీశారు. 44ను 32తో భాగిస్తే 1.375. ఆ లెక్కను ఏ కొలత మీద పెట్టినా టేపుతో అతికినట్టు సరిపోయింది. 32లో జాకెట్టు పొడవు 14 అంగుళాలు, 44లో 19¼. అది జాకెట్టు పొడవు కాదు, పొట్టి టాప్ పొడవు. భుజం నుంచి భుజానికి 13½ ఉన్నది 18½ అయింది. వదిన ఆది జాకెట్టులో అది 15. భుజం నుంచి ఛాతీ పాయింట్ (ఉబ్బు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే చోటు) వరకు 9½ ఉన్నది 13 అయింది. వదినకు కావలసింది 11.

పొడవు ఎక్కువగా ఉందని వదినా గమనించింది. కింద కత్తిరించుకుంటే సరిపోతుంది కదా, అందరం చేసేదే అది. కానీ కింద ఎంత తీసేసినా పైన ఛాతీ పాయింట్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఆ ఉబ్బు అలా కిందికి దిగింది. ఛాతీ పన్నెండు అంగుళాలు పెరిగినంత మాత్రాన మనిషి భుజం ఎముకలు ఆ లెక్కలో పెరగవు. టైలరింగ్ నేర్పే చోట మొదటి నెలలోనే చెప్పే విషయమిది. సైజు పెంచేటప్పుడు ఛాతీకి ఒక లెక్క, భుజానికి ఇంకో లెక్క, మెడకు మరో లెక్క ఉంటాయి. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ 1863లో సైజుల వారీగా కాగితం ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు జనం ఎగబడి కొన్నది కూడా ఇందుకే. అంతకుముందు ఒక్క సైజు నమూనా చూసి ఎవరికి వాళ్లే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. ప్యాటర్న్‌కు మనం డబ్బులిచ్చేదే ఆ పని చేసిపెట్టినందుకు. ఆ పనే చేయకుండా ఏడు సైజులని చెప్పి అమ్మడాన్ని నేను మోసమనే అంటాను.

సాగదీయడం ఒక్కటే అయితే 32 సైజు వాళ్లకైనా బాగుండాలి. అదీ లేదు, అసలు గీసిన దాంట్లోనే తప్పుంది. నా 38 సైజులో కుట్టు పడే గీత మీద ముందు చంక, వెనక చంక కలిపి కొలిస్తే 17 అంగుళాలు వచ్చింది. చేతి పైభాగం వంపు 20¼. మూడుంపావు అంగుళాలు ఎక్కువ. చెయ్యి వంపు చంక కన్నా కాస్త ఎక్కువే ఉండాలి, సాగని బట్టకు మామూలుగా ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర. పఫ్ చేతులైతే ఇంకా ఎక్కువ పెట్టుకోవచ్చు. ఇది ప్లెయిన్ చెయ్యి. మూడుంపావు అంగుళాల బట్టను కనపడకుండా చంకలో ఇమిడ్చే చెయ్యి తిరిగిన టైలర్ ఎవరైనా ఉంటే చూడాలనుంది. ప్రిన్సెస్ కట్‌లో మధ్య ముక్క అంచూ పక్క ముక్క అంచూ దాదాపు సమానంగా ఉండాలి, ఛాతీ వంపు దగ్గర కొద్దిగా సర్దుకుంటే చాలు. ఇక్కడ పక్క ముక్క ఒకటిన్నర అంగుళం పొట్టిగా ఉంది. రెండూ ఎక్కడ కలవాలో చెప్పే నాచ్ గుర్తులు ఒక్కటీ లేవు.

ప్రింట్ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే టెస్ట్ గడి కూడా ఫైల్‌లో లేదు. ఉండి ఉంటే పెద్ద సైజుల్లో ఆ గడి కూడా పెద్దదై వాళ్ల గుట్టు అక్కడే బయటపడేది. "కుట్లకు అర అంగుళం కలిపే ఉంది" అని వివరణలో రాశారు. అది 32కి నిజమే. 44లో అది ముప్పావుకు దగ్గరగా ఉంది. వివరణ నమ్మి అర అంగుళంలోనే కుట్టిన వాళ్లకు ప్రతి కుట్టు దగ్గరా లూజు వస్తుంది.

ఇక అమ్మకం పేజీలోని ఫోటో. ఇప్పుడు జూమ్ చేసి చూస్తే ఎడమ పక్క ప్రిన్సెస్ గీత చంకలోంచి మొదలవుతోంది, కుడి పక్కది భుజం మీద నుంచి. జాకెట్టుకు ముందూ హుక్స్ లేవు, వెనకా లేవు, పక్కన జిప్పూ లేదు. అది ఎవరో కుట్టి వేసుకున్న జాకెట్టు కాదు, ఏఐతో చేయించిన బొమ్మ అనే నా నమ్మకం. రివ్యూలు మాత్రం ఐదు నక్షత్రాలతో నిండి ఉన్నాయి. ఒక్కొక్కటీ చదివి చూడండి: "ఫైల్ వెంటనే వచ్చింది", "డిజైన్ సూపర్", "థ్యాంక్యూ". కుట్టాక రాసినది ఒక్కటీ లేదు. ఫైల్ చేరిందన్నది జాకెట్టు సరిపోయిందన్న మాట కాదు కదా.

ఫోటోలు, కొలతలు అన్నీ పెట్టి అమ్మినవాళ్లకు మర్యాదగానే మెసేజ్ చేశాం. మొదట "మీ ప్రింటర్ సెట్టింగ్ తప్పు" అన్నారు. ఒకే ఫైల్‌ని ఒకే ప్రింటర్ మీద తీస్తే ఒక సైజు గీత సన్నగా, ఇంకో సైజు గీత లావుగా ఎలా వస్తుందని అడిగాం. దానికి జవాబు రాలేదు. తర్వాత "డిజిటల్ ఫైల్‌కు రిఫండ్ ఉండదు" అన్నారు. పేజీ కింద పెట్టిన మా కామెంట్ మర్నాటికి లేదు, వదిన నంబర్ బ్లాక్ అయింది. ₹450 గురించి కాదు ఈ బాధ. ఆ పట్టు ముక్క గురించి, పెళ్లి ముందు వదిన పడిన టెన్షన్ గురించి.

స్వతంత్ర డిజైనర్లందరినీ ఒకే గాటన కట్టడం లేదు. అసలు వాళ్ల వల్లే నాలాంటి వాళ్లకు ఒంటికి సరిపోయే బట్టలు కుట్టుకోవడం వచ్చింది. మాంట్రియల్‌లోని క్లోజెట్ కోర్, లండన్‌లోని టిల్లీ అండ్ ద బటన్స్ లాంటి వాళ్ల ప్యాటర్న్‌లలో ఎక్కడ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. క్యాష్‌మెరెట్ అయితే ఒకే ఛాతీ చుట్టుకొలతకు వేర్వేరు కప్పు సైజులు విడివిడిగా గీసి ఇస్తుంది. ఫ్రీసూయింగ్ అనే వెబ్‌సైట్‌లో మన కొలతలు ఇస్తే వాటికి తగ్గట్టు ప్యాటర్న్ ఉచితంగానే వస్తుంది. చీర జాకెట్టు కోసం వాళ్ల దగ్గరికి వెళ్లలేం, నిజమే. కానీ మంచి ప్యాటర్న్ పేజీలో ఏమేం ఉంటాయో వాళ్లను చూసి తెలుసుకోవచ్చు.

కొనేముందు నేనైతే ఇప్పుడు మొదట వెతికేది ఫోటో కాదు, గీతల బొమ్మ. జాకెట్టు ముందు, వెనక ఎక్కడెక్కడ కుట్లు వస్తాయో, ఓపెన్ ఎక్కడో చూపించే సాదా బొమ్మ. అది లేకపోతే ఆ పేజీ మూసేయండి. తర్వాత, కుట్టాక వచ్చే కొలతల పట్టిక. మన ఒంటి కొలతల పట్టిక ఒక్కటే పెడితే చాలదు, ప్రతి సైజుకూ కుట్టిన జాకెట్టు ఛాతీ, నడుము, పొడవు, భుజం ఎంతో ఉండాలి. మాకు అమ్మినవాళ్లు ఆ పట్టిక పెట్టి ఉంటే 19¼ పొడవు కొనకముందే కనిపించేది. 32 నుంచి 44 వరకు వేర్వేరు ఒళ్లున్న వాళ్లు కుట్టి వేసుకున్న ఫోటోలు ఉన్నాయో లేదో చూడండి. బట్ట ఎంత కావాలో చెప్పేచోట పన్నా, అంటే బట్ట వెడల్పు కూడా రాశారా? మాకు "మీటరు చాలు" అన్నారు. 36 అంగుళాల పన్నాలో మీటరు వేరు, 44 పన్నాలో మీటరు వేరు. ఏ సందేహం ఉన్నా డబ్బు కట్టకముందే మెసేజ్‌లో అడగండి: "38 సైజులో చంక చుట్టుకొలత ఎంత, చెయ్యి వంపు ఎంత?" గీసిన వాళ్లు వెంటనే చెప్పగలరు. గీయని వాళ్లు "అన్ని సైజులకూ పర్ఫెక్ట్ అండీ" అంటారు. ₹99కి ఐదు వందల ప్యాటర్న్‌లు డ్రైవ్ లింకులో ఇస్తామనే వాళ్ల జోలికి అసలు పోకండి. అవి ఎక్కువగా ఇంకొకరు కష్టపడి గీసినవి దొంగిలించి కలిపిన కట్టలు.

ఇప్పటికే కొన్నవాళ్లు కత్తెర పట్టకముందు కొంచెం ఓపిక పట్టండి. ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" కాకుండా "యాక్చువల్ సైజ్" పెట్టండి. అమెరికా లెటర్ కాగితానికి చేసిన ఫైల్‌ను మన ఏ4 మీద "ఫిట్"లో తీస్తే దాదాపు మూడు శాతమైనా తగ్గుతుంది. 36 ఛాతీ 35 కూడా ఉండదు. టెస్ట్ గడి ఒక అంగుళానిదైతే ఈ తేడా కంటికి ఆనదు, నాలుగంగుళాలదో పది సెంటీమీటర్లదో అయితే తెలుస్తుంది. ఏ4 ముక్కలు అతికించే ఓపిక లేకపోతే, ఇంటి ప్లాన్లు ప్రింట్ తీసే షాపులో ఏ0 కాగితం మీద ఒకేసారి తీయించుకోవచ్చు.

వంపులు కొలవడానికి టేపును పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టి కుట్టు గీత వెంట తిప్పండి. పడుకోబెడితే వంపు దగ్గర టేపు ముడతపడి లెక్క తప్పుతుంది. చంక, చెయ్యి, ప్రిన్సెస్ ముక్కల అంచులు మూడూ కొలిచాక, మీకు బాగా సరిపోయే ఆది జాకెట్టును కాగితం మీద పరిచి భుజం, ఛాతీ పాయింట్, పొడవు సరిచూసుకోండి. ఇవన్నీ బాగున్నా సరే, మొదటిది కోరా బట్టలోనో పాత దుప్పటిలోనో కుట్టి చూడాల్సిందే. చేతులు ఒక్కటే పెట్టి చూసినా చాలు, ప్యాటర్న్ సంగతి తెలిసిపోతుంది. అసలు బట్ట కాటన్ అయితే తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించండి.

డబ్బు విషయానికొస్తే, "డిజిటల్ ఫైల్, రిఫండ్ లేదు" అన్న ఒక్క మాటతో వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ-కామర్స్ అంటే డిజిటల్ ఉత్పత్తుల అమ్మకం కూడా. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదిక మీద అమ్మే వాళ్లు, లోపమున్న లేదా ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుకు డబ్బు వాపసు ఇవ్వం అనకూడదు. కొన్నవాళ్లలా నటించి రివ్యూలు రాసుకోకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అడపాదడపా ఏదో ఒకటి అమ్ముకునే మామూలు మనిషికి ఈ నిబంధనలు వర్తించవు కానీ, వ్యాపారంగా నడిపేవాళ్లకు వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు.

మేం ఫిర్యాదు పెట్టాం. ఈ ప్యాటర్న్ కొన్నవాళ్లు ఉంటే అమ్మకం పేజీ, సైజుల గురించి వాళ్లు రాసిన వివరణ, డబ్బు కట్టిన యూపీఐ రసీదు, మెసేజ్‌లు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బ్లాక్ చేశాక అవేవీ మీకు కనపడవు. 32, 44 పేజీలు పక్కపక్కన పెట్టి, గీత మందం తెలిసేలా స్కేలుతో సహా ఫోటో తీసి ఫిర్యాదుకు జత చేయండి. ప్రింటర్ మీదికి నెట్టేయడానికి అప్పుడు వాళ్లకు వీలుండదు.