వాయిదా పడిన హ్యాండ్‌హెల్డ్ కోసం ఆగాలా, దొరికేది కొనాలా: ఏది మేలు?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఉన్న మా సర్వీసు షాపుకి ఈ నెలలో ఇదే ప్రశ్నతో పదిమందైనా వచ్చుంటారు. హ్యాండ్‌హెల్డ్ అంటే చేతిలో పట్టుకుని వాడే చిన్న మెషీన్, వీళ్లడిగేది ఆటలాడుకునే రకం. మొన్న బొబ్బిలి నుంచి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడు కౌంటర్ మీద ఫోన్ పెట్టి, "అన్నయ్యా, నేను చూసుకున్న హ్యాండ్‌హెల్డ్ మళ్లీ వాయిదా పడింది. ఇంకా ఆగమంటావా, దొరికేది కొనేయమంటావా? ఇంత లేటుగా వచ్చి అది నిలబడుతుందంటావా అసలు?" అని అడిగాడు. నిలబడుతుందా అన్నదానికీ, కొనాలా అన్నదానికీ జవాబు ఒకేచోట ఉందని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లేటయింది కాబట్టి పోయినట్టే అని చాలామంది తేల్చేస్తారు. స్టీమ్ డెక్ సంగతి చూడండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ 2021 జులైలో ఈ హ్యాండ్‌హెల్డ్‌ని ప్రకటించి ఆ డిసెంబరుకే ఇస్తామంది. విడిభాగాల కొరత వచ్చి, 2022 ఫిబ్రవరి 28కి గానీ మొదటివి బయలుదేరలేదు. బుక్ చేసుకున్నవాళ్లు ఆ తర్వాత కూడా నెలల తరబడి వరసలోనే ఉన్నారు. అయినా అది నిలబడింది. దాన్ని చూసే ఆసుస్, లెనోవో లాంటి పెద్ద కంపెనీలు ఈ రంగంలోకి దిగాయి.

ఇదే వాల్వ్ అంతకుముందు స్టీమ్ మెషీన్లు తెచ్చింది. టీవీకి పెట్టుకునే గేమింగ్ డబ్బాలు. 2014లో వస్తాయన్నారు, 2015 నవంబరుకి వచ్చాయి. అవి ఎవరికీ పట్టలేదు. కంపెనీ ఒకటే, ఆలస్యం రెండిటికీ ఉంది, ఫలితం మాత్రం వేరు. ఎందుకంటే స్టీమ్ మెషీన్ నడిచేది విండోస్‌కి బదులు వాడే లినక్స్ అనే సిస్టమ్ మీద, ఆటలేమో ఎక్కువగా విండోస్‌కి రాసినవి. డబ్బా ఇంటికొచ్చాక ఆడటానికి మన ఆటల్లో సగం కూడా లేవు. ఆ దెబ్బ తిన్నాకే, విండోస్ ఆటల్ని లినక్స్ మీద నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌ని 2018లో తెచ్చారు. డెక్ చేతికొచ్చే రోజుకి మనిషి ఏళ్లుగా కొనుక్కున్న ఆటల్లో చాలా మటుకు అందులో దిగిపోయాయి. మొదటిరోజే పని ఉంది దానికి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఇదే లెక్కతో మన దేశంలో చేసిన చేతి కంప్యూటర్ సింప్యూటర్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాధపడుతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసి 2001లో దాన్ని చూపించారు. ధర తొమ్మిది వేల దగ్గర ఉండాలనుకున్నారు. ఊరికి ఒకటి ఉంటే చాలు, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్లు పెట్టుకుని వాడుకోవచ్చు. చదువు రానివాళ్లకి మన భాషలో చదివి వినిపించాలన్నది వాళ్ల కోరిక. ఎంత మంచి ఆలోచన! భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన అమిడా సింప్యూటర్ అమ్మకానికి వచ్చేసరికి 2004 అయింది. చేత్తో ఇలా విదిలిస్తే అందులో పేజీ తిరిగేది. ఐఫోన్ రావడానికి మూడేళ్ల ముందు మాట ఇది. అయితే రైతు దాన్ని చేతిలోకి తీసుకుంటే చూసుకోవడానికి అడంగల్ ఉండాలి, మార్కెట్ ధర ఉండాలి, తెలుగులో ఉండాలి. అదంతా ఎవరో తర్వాత చేసిపెట్టాల్సిన పనిగానే మిగిలిపోయింది. ఈలోగా సెల్‌ఫోన్ చవకై ఊళ్లోకి వచ్చేసింది. మూడేళ్లు లేటవడం కన్నా, వచ్చిన రోజున పని లేకపోవడమే దాన్ని దెబ్బతీసిందని నేననుకుంటాను.

దీనికి భిన్నంగా, మన కళ్లముందు గెలిచిన హ్యాండ్‌హెల్డ్ ఆర్టీసీ కండక్టర్ చేతిలో ఉంటుంది. టిక్కెట్లు కొట్టే టిమ్ మెషీన్. పార్వతీపురం బస్సులో ఎప్పుడైనా గమనించండి. ఒక చెయ్యి రాడ్ మీద, ఇంకో చేతిలో మెషీన్, బొటనవేలు దానంతటదే స్టేజీ నంబరు నొక్కుతుంది, చూపు మాత్రం ప్రయాణికుల మీదే ఉంటుంది. టిక్కెట్టు రోల్ కిర్రుమని బయటికొస్తుంది. అందంగా ఉండదు, స్క్రీన్ చిన్నది. అయినా స్టేజీలు, ఛార్జీలు, రాయితీలు అన్నీ అందులో ఎక్కించే కండక్టర్‌కి ఇచ్చారు. కరెంటు బిల్లు కొట్టే స్పాట్ బిల్లింగ్ మెషీన్ కూడా అంతే. ఇలాంటివి ఏడాది ఆలస్యంగా వచ్చినా గెలిచేవే, ఎందుకంటే టిక్కెట్టు కొట్టాల్సిన పని ఎక్కడికీ పోదు.

సరే, మన ప్రశ్నకొద్దాం. ఆగాలా, కొనాలా?

ఆగడంలో లాభం లేకపోలేదు. మొదటి విడతలో బయటపడే లోపాలు ఇంకొకరి దగ్గర బయటపడతాయి, సాఫ్ట్‌వేర్ కుదురుకుంటుంది. కానీ వాయిదాకి కారణమేంటో చూడాలి. విడిభాగాలు దొరకక ఆగితే పరవాలేదు, అవి వచ్చాక వస్తువు బయలుదేరుతుంది. సాఫ్ట్‌వేరే తేలలేదంటే నాకు భయం. ఇంకో సంగతి, ప్రకటించిన రోజున కొత్తగా ఉన్న చిప్ రెండేళ్ల తర్వాత కొత్తది కాదు. ఓపెన్ పండోరా అని చిన్న హ్యాండ్‌హెల్డ్ కంప్యూటర్ ఒకటి ఉండేది. 2008లో బుకింగులు తీసుకుంటే 2010కి గానీ చేతికి రావడం మొదలవలేదు. ప్రేమగా వాడుకునే చిన్న గుంపు దానికి మిగిలింది, బజారు మాత్రం దక్కలేదు.

ఇప్పుడు దొరికే వాటిలో మనకి అసలు వెసులుబాటు విండోస్. విండోస్ మీద నడిచే ఆసుస్ రోగ్ ఎలై 2023 జులైలో మన దేశంలోకి వచ్చినప్పుడు ధర 69,990 రూపాయలు. అది తక్కువ డబ్బేమీ కాదు, అదే డబ్బుకి మంచి లాప్‌టాప్ వస్తుంది. బరువైన ఆట ఆడితే బ్యాటరీ రెండు గంటలు కూడా ఆగదు. అయినా నా మొగ్గు ఇటే. మీ ఆట ఆడుతుందో లేదో ఈ రోజే తెలుస్తుంది. పాడైతే బిల్లు పట్టుకుని వెళ్లే దారీ ఉంటుంది.

ఇంపోర్ట్ సెకండ్ హ్యాండ్ గురించి అడిగేవాళ్లకి ఒకటే మాట: వారంటీ ఉండదు, నేను వద్దంటాను. ఫోన్‌కి తగిలించే కంట్రోలర్ మూడు నాలుగు వేలలో వస్తుంది, ఫోన్ ఆటలకి అది చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ల కిందట ఒక చిన్న విదేశీ కంపెనీకి నేను మొత్తం డబ్బు ముందే కట్టాను. నెలకో ఉత్తరం వచ్చేది, ప్రతి ఉత్తరంలో కొత్త తేదీ ఉండేది. ఏడాదిన్నర తర్వాత వస్తువు వచ్చింది, దాంతోపాటు వస్తాయన్న ప్రోగ్రాములు రాలేదు. మా ఆవిడ రెండు చీటీలు పాడి ఇచ్చిన డబ్బది. ఆ వస్తువు ఇప్పటికీ షాపు అల్మరాలో ఉంది. అప్పటినుంచి వాయిదాల్లో ఉన్నదానికి బుకింగ్ రుసుము మించి పైసా కట్టొద్దని అందరికీ చెబుతున్నాను.

బొబ్బిలి కుర్రాడి చేత స్టీమ్ అకౌంట్ తెరిపించి, అందులో ఉన్న ఆటలు కాగితం మీద రాయించాను. పదకొండు. ఆగుదామనుకుంటున్నది లినక్స్ హ్యాండ్‌హెల్డ్. ఏ ఆట ప్రోటాన్ మీద ఎలా నడుస్తుందో వాడినవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో ఒక్కొక్కటీ కొట్టి చూశాం. తొమ్మిది బాగానే నడుస్తున్నాయని రాశారు. మిగతా రెండిటినీ కాగితం మీద కొట్టేశాం. "ఇవి కాక ఇంకేమైనా ఆడతావా?" అనడిగితే కాసేపు ఆగి, "హాస్టల్లో రాత్రిపూట అందరం వాలొరాంటే అన్నయ్యా" అన్నాడు. స్టీమ్‌లో లేని ఆట కాబట్టి కాగితం మీదకి ఎక్కలేదు. మోసం చేసి ఆడేవాళ్లని పట్టుకోవడానికి దానికున్న యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ వల్ల అది లినక్స్ మీద నడవదు. పదకొండు ఆటల పక్కన ఆ పేరు కూడా రాసి గుండ్రంగా చుట్టాను.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, శనివారం విశాఖ వెళ్లి ఎలైని చేత్తో పట్టుకుని చూసొస్తానన్నాడు. పదిహేను నిమిషాలు పట్టుకునే ఉండమన్నాను, మణికట్టు నొప్పి పెడుతుందో లేదో తెలుస్తుంది. బొటనవేళ్లతో తిప్పే రెండు స్టిక్‌లూ పక్కకి తోసి వదిలాక మధ్యకి సరిగ్గా వచ్చి ఆగుతున్నాయో లేదో చూడమని కూడా చెప్పి పంపాను.