బాడీ కవర్ అచ్చు పడని పెయింట్: నెల్లూరు ఆటోనగర్‌లో ఓ షెడ్డు

రెండేళ్ల కిందట నవంబర్లో, ఎక్కడో చెప్పను గానీ, ఒక షెడ్డులో కారు డోరుకి పెయింట్ వేయించి సాయంత్రానికే ఇంటికి తెచ్చుకున్నా. వాన పడేట్టుందని బాడీ కవర్ కప్పి తాడు బిగించా. పొద్దున తీసి చూస్తే డోరు నిండా ఆ గుడ్డ నేత అచ్చు, పోగులు లెక్కపెట్టుకోవచ్చు. నల్ల కారు కదా, ఇంకా బాగా కనపడింది.

అందుకే ఈ సెప్టెంబర్లో మినీ బైపాస్‌లో ఒక ఆటో బంపర్నీ, వెనక డోర్నీ గీసేసి పోయినప్పుడు, ఆటోనగర్ లోపలి లైన్లో ఉన్న ఈ షెడ్డుకి నేను అనుమానంతోనే వెళ్లా. పైగా మేస్త్రీ మొదట్లోనే "మాకు హీటర్ బూత్ లేదు సార్, బేకింగ్ అక్కర్లేని క్లియర్ కొడతాం" అన్నాడు. క్లియర్ అంటే రంగు మీద మెరుపు కోసం కొట్టే పారదర్శకమైన పూత, బూత్ అంటే దాన్ని వేడిలో ఆరబెట్టే గది. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా, ఆ మాట విని ఊరుకోలేక స్టూలు లాక్కుని కూర్చున్నా.

ఫ్యాక్టరీలో టైర్లు, సీట్లు, వైర్లు ఏమీ లేని ఉత్త బాడీని 140 డిగ్రీల దగ్గర ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఓవెన్లో కాలుస్తారు. తయారైన కారుని ఆ వేడిలో పెడితే బంపర్ అప్పడంలా వంకర్లు పోతుంది. అందుకని రిపేరు పెయింట్‌కి రెండు డబ్బాల క్లియర్ వాడతారు. ఒకదాంట్లో యాక్రిలిక్ పాలియాల్, రెండోది హార్డనర్, అంటే ఐసోసైనేట్. కలిపి కొట్టాక రెండూ ముడిపడి వలలా అల్లుకుంటాయి, బూత్ ఉంటే 60 డిగ్రీల్లో అరగంట పెడతారు. వేడి పది డిగ్రీలు తగ్గితే రియాక్షన్ వేగం సుమారు సగం అవుతుందని పాఠాల్లో చెప్తాం కదా, ఆ లెక్కన మన 30 డిగ్రీల షెడ్డులో అరగంట పని నాలుగు గంటలు పట్టాలి.

నిజానికి అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది. మన రొట్టెల పండగ గుర్తు తెచ్చుకోండి. ఉద్యోగ రొట్టె కావాల్సినవాళ్లు అది ఇచ్చేవాళ్ల కోసం స్వర్ణాల చెరువులో వెతుక్కుంటూ తిరుగుతారు. జనం పల్చగా ఉన్నంతసేపు ఇట్టే దొరుకుతారు. కిక్కిరిసిపోయాక కావాల్సిన మనిషి నాలుగడుగుల్లోనే ఉన్నా కదలడానికి ఉండదు. క్లియర్‌లోనూ అంతే, వల అల్లుకునేకొద్దీ మిగిలిన అణువులకి కదలిక పోతుంది, వేడి ఉంటే కాస్త సందు దొరుకుతుంది, లేకపోతే రోజుల తరబడి మెల్లగా సాగుతుంది. బేకింగ్ లేని క్లియర్‌లో ఉండే కేటలిస్ట్, అంటే రియాక్షన్‌ని తొందరపెట్టే పదార్థం, "ఉద్యోగ రొట్టె ఇక్కడుంది రండి" అని అరిచే మనిషిలాంటిది. చాలాకాలంగా దీనికి తగరం కాంపౌండ్లు వాడుతున్నారు, ఇప్పుడు బిస్మత్‌వి కూడా వస్తున్నాయి. మోతాదు మించితే మాత్రం క్లియర్ స్ప్రే గన్‌లోనే చిక్కబడుతుంది, లేదా పైన మీగడ కట్టేసి లోపలి థిన్నర్ బయటికి రాలేక బుడగలు వస్తాయి.

ఈ మేస్త్రీ దగ్గర నాకు నచ్చింది ఒకటే. కారుకి క్లియర్ కొడుతూ కొడుతూ పక్కన ఒక డబ్బా మూత మీద కూడా రెండు కోట్లు కొట్టి ఆరబెట్టాడు. రెండు గంటలకి డోరు అద్దంలా మెరుస్తోంది, దుమ్ము అంటడం లేదు, నేను తాళం అడిగేశా. ఏమీ మాట్లాడకుండా మూత తెచ్చి బొటనవేలి గోరుతో నొక్కాడు, నెలవంకలా గుంట పడింది. "పైన ఆరింది గానీ లోపల పచ్చిగా ఉంది సార్, ఎల్లుండి రండి" అన్నాడు. ఎల్లుండి వెళ్తే అదే మూత నా చేతికిచ్చి నన్నే నొక్కమన్నాడు. గోరు జారింది. నెలరోజులు వాక్స్, పాలిష్ పెట్టొద్దని కూడా చెప్పాడు.

వాన రోజుల్లో క్లియర్ కొట్టడట. దానికీ కారణముంది, ఐసోసైనేట్ నీటి తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పూతలో సూది బెజ్జాలు పడతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన నెల్లూరు గాలి సంగతి తెలిసిందేగా. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు టైం పెట్టుకుని వెళ్లండి, తొందరపెట్టొద్దు.

ఒక స్టార్ తగ్గించింది దేనికంటే, మేస్త్రీ కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకున్నాడు, పక్కన పెయింట్ కప్పు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు మాత్రం కర్చీఫ్ కట్టుకున్నాడు. ఐసోసైనేట్ తుంపర పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి అది ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. చెప్తే "వాడికి అలవాటే సార్" అని నవ్వాడు. ఇది అలవాటయ్యే వస్తువు కాదు. ఈసారి ఆ కుర్రాడికి మంచి మాస్కు లేకపోతే కారు ఇవ్వనని చెప్పి వచ్చా.

ఫోన్ ఎత్తరు, నేరుగా వెళ్లాల్సిందే. బంపరూ డోరూ కలిపి తొమ్మిదిన్నర వేలు తీసుకున్నాడు. బంపర్ రంగు ఎండలో ఒక పిసరు తేడాగా ఉంది, వెతికితే తప్ప కనపడదు.

మూడు వారాలైంది. మొన్న రాత్రి వాన పడుతుంటే ధైర్యం చేసి కవర్ కప్పా, పొద్దున టార్చ్ వేసి మరీ చూశా. అచ్చు పడలేదు. బంపర్ కింద అంచులో మాత్రం ఒక దోమ ఉంది, క్లియర్ లోపల, రెక్కలతో సహా.