ఎంఏ సోషియాలజీనా, ఎంఎస్‌డబ్ల్యూనా?

సమాజ శాస్త్రంలో (సోషియాలజీ) ఎంఏ చేయాలా, ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేయాలా అన్నది డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు నన్ను ఏటా అడిగే ప్రశ్న. రెండూ సమాజం గురించే కదా, ఏదైతేనేం అని కొందరి ధీమా. ఆ ధీమాతో చేరి, మొదటి సెమిస్టర్ దాటకముందే దిగాలుపడినవాళ్లను చూశాను.

తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పత్తి ఏరడానికి వెళ్తూ బడి మానేసిందనుకుందాం. ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థిని ఆ ఇంటికి ఒకటికి నాలుగుసార్లు వెళ్తుంది. అరుగు మీద కూర్చుని తల్లి గోడు వింటుంది, హెడ్‌మాస్టరును కలుస్తుంది, కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉందేమో కనుక్కుంటుంది. రాత్రికి అదంతా ఫీల్డ్ వర్క్ రికార్డులోకి ఎక్కాలి. సోషియాలజీ విద్యార్థి అదే ఊళ్లో వంద గడపలు తొక్కుతాడు. భూమి ఎంత, అప్పు ఎంత, కులమేమిటి, అక్క మానేసిన బడికి తమ్ముడు ఎలా వెళ్తున్నాడు అని అడిగి, ఆ జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఈ అమ్మాయి సోమవారం బడిలో ఉండాలన్నది ఆమె తపన. ఏటా ఇలాంటి ఇళ్ల ఆడపిల్లలే ఎందుకు మానేస్తున్నారన్నది అతని తపన.

మన దగ్గర ఒకప్పుడు ఈ రెండూ చెట్టపట్టాలు వేసుకునే నడిచాయి. 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి సామాజిక శాస్త్రవేత్త ఎస్‌.సి. దూబే బృందం హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు అధ్యయనానికి వెళ్లినప్పుడు, ఊరి బతుకును రాసుకునేవారి పక్కనే వైద్యం, వ్యవసాయం తెలిసినవారూ పనిచేశారు. తర్వాత దారులు వేరయ్యాయి.

ఇంటికి త్వరగా జీతం రావాలంటే ఎంఎస్‌డబ్ల్యూ మేలు. ఆసుపత్రులు, హింసకు గురైన మహిళలకు అండగా నిలిచే సఖి కేంద్రాలు, జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు ఈ పట్టాను అడుగుతాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో సంక్షేమ అధికారి ఉద్యోగాలకూ ఇది పనికొస్తుంది. కానీ ప్రభుత్వ పథకాల కింద ఇచ్చేవి చాలావరకు కాంట్రాక్టు కొలువులు. ఏటా పొడిగింపు కోసం ఎదురుచూపులు తప్పవు. పగలు విన్న కష్టాలు రాత్రి నిద్ర పట్టనివ్వవు. ఆ బరువును ఎలా మోయాలో క్లాసులో చెప్పింది చాలదు.

సోషియాలజీ దారి నిదానం. ఇంటర్‌లో ఆర్ట్స్ వైపు వెళ్లేవారు ఎక్కువగా తీసుకునే సీఈసీ, హెచ్‌ఈసీల్లో ఈ సబ్జెక్టే లేదు, కాబట్టి జూనియర్ లెక్చరర్ కావాలన్న ఆశ పెట్టుకోవద్దు. యూజీసీ జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి, పరిశోధనకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేయవచ్చు. సివిల్స్‌లో ఇది 500 మార్కుల ఆప్షనల్. తెలంగాణ గ్రూప్-2లో సమాజ నిర్మాణం, సామాజిక సమస్యలు సిలబస్‌లోనే ఉన్నాయి. సర్వేలు చేసే పరిశోధన సంస్థలూ తీసుకుంటాయి. కాకపోతే గణాంకాలంటే భయపడేవారికి అక్కడ ఎదుగుదల కష్టం. కోర్సులో ఆ పేపరును గండం గట్టెక్కితే చాలన్నట్టు చదివినవారే తర్వాత బాధపడటం చూశాను.

నా మట్టుకు నేను మెచ్చే దారి డిగ్రీలో సోషియాలజీ, పీజీలో ఎంఎస్‌డబ్ల్యూ. ఊళ్లో కూలిరేట్లు, అప్పులు ఎలా నడుస్తాయో తెలిసిన సోషల్ వర్కర్, కూతురిని పత్తి చేనుకు పంపిన తల్లిని తిట్టదు. చదువు మీదే మనసున్నవారు మాత్రం నేరుగా ఎంఏకు వెళ్లండి, నెట్ సిలబస్‌ను మొదటి సెమిస్టర్‌లోనే తెరవండి. ఫీజు కట్టేముందు సీనియర్ల దగ్గర ఒక ఫీల్డ్ వర్క్ రికార్డు, ఒక ఎంఏ డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) అడిగి తెచ్చుకుని, రెండూ ఆసాంతం చదవండి.