న్యూతో ఒన్సెన్ త్సురునోయు: వెళ్తే రాత్రి ఉండేలా వెళ్లండి

జపాన్‌లో ఒన్సెన్, అంటే వేడినీటి ఊటల స్నానాలు అనగానే అందరూ హకోనే, బెప్పూ అంటారు. అవి బాగుండవని కాదు, కానీ కొండ, అడవి, ఓ పాత సత్రం, వేడినీళ్లు, ఇంతకుమించి నాకేం వద్దు అనుకునేవాళ్లు మాత్రం ఉత్తరాన అకితా వైపు వెళ్లాల్సిందే. అక్కడ న్యూతో పర్వతం దిగువన అడవిలో దూరం దూరంగా ఏడు సత్రాలుంటాయి, అన్నిటినీ కలిపి న్యూతో ఒన్సెన్‌క్యో అంటారు. వాటిలో అన్నిటికన్నా పాతది త్సురునోయు, మేం దిగింది అక్కడే. ఫిబ్రవరిలో వెళ్లాం, ఎటు చూసినా మంచే.

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడికి పగలు వచ్చి స్నానం చేసి వెళ్లిపోయేవాళ్లకి దొరికేది వేరు, రాత్రి ఉన్నవాళ్లకి దొరికేది వేరు. బయటివాళ్లని పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా రానిస్తారు, ఫొటోల్లో చూసి వచ్చేవాళ్లు చాలామందే కాబట్టి ఆ టైంలో ఆరుబయట కొలను దగ్గర మనుషులు బాగానే ఉంటారు. మూడు దాటాక వాళ్లు వెళ్లిపోతారు, ఇక అసలు త్సురునోయు అప్పుడు మొదలవుతుంది.

దారి సంగతికొస్తే, టోక్యోలో కొమాచి అనే షింకాన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) ఎక్కితే దాదాపు మూడు గంటల్లో తజావాకో స్టేషన్‌లో దిగుతాం. కొమాచిలో అన్నీ రిజర్వేషన్ సీట్లే, టికెట్ ముందే తీసుకోవాలి. మోరియోకా దాకా దూసుకెళ్లిన బండి అక్కణ్ణుంచి మామూలు పట్టాల మీద కొండల మధ్య నెమ్మదిగా పోతుంది, కిటికీ పక్క సీటు దొరికితే ఆ కాసేపు ఫోన్ పక్కన పడేయండి. స్టేషన్ బయట ఉగో కోత్సు బస్సు ఎక్కి అల్పా కొమాకుసా స్టాప్‌లో దిగితే అక్కడికి సత్రం వ్యాన్ వస్తుంది, కాకపోతే ఏ బస్సుకి వస్తున్నామో ముందే చెప్పి ఉంచాలి. బస్సులు తక్కువ, అందుకని ముందు బస్సు టైం చూసుకుని దాన్ని బట్టి రైలు టికెట్ తీసుకోండి. పెద్ద పెద్ద సూట్‌కేసులు మాత్రం వద్దు, మంచులో చక్రాలు తిరగవు.

లోపలికి అడుగుపెట్టగానే కనపడేది హోన్‌జిన్, అంటే గడ్డి కప్పు వేసిన పొడుగాటి చెక్క వరస. 1638లో అకితా రెండో ప్రభువు సాతాకే యోషితాకా ఇక్కడికి స్నాన వైద్యానికి వచ్చాడట, ఆయన వెంట వచ్చిన కాపలావాళ్ల బస అదే. ఇప్పటికీ అందులో గదులు ఇస్తున్నారు, ఎగబడేది కూడా వాటికోసమే. గది చిన్నది, కింద తతామీ చాపలు, మధ్యలో ఇరోరి అనే నిప్పుల గుంట, టీవీ ఉండదు. ఇలాంటి పాత చెక్క కట్టడాల్లో ఎక్కడైనా పక్క గదిలో మాట్లాడేది వినపడుతుంది, మనం మాట్లాడేది వాళ్లకీ వినపడుతుంది, అది తెలిసే బుక్ చేసుకోవాలి. అటాచ్డ్ బాత్రూం ఉండాల్సిందే అనుకుంటే అది ఉన్న గదే అడగండి, నీళ్లు ఎలాగూ అవే కదా.

ఇక నీళ్లు. యాభై మీటర్ల వ్యాసార్ధంలోనే నాలుగు వేర్వేరు ఊటలున్నాయి, ఒక్కోదానిది ఒక్కో గుణం. అందరూ ఫొటోల్లో చూసేది తెల్లగా పాలలా ఉండే ఆరుబయట కొలను. దాని గొప్పతనం రంగులో లేదండీ, అడుగున ఉంది. ఆ కొలనుకి ఎక్కణ్ణుంచో పైపులో నీళ్లు తెచ్చి పోయరు, ఊట మీదే కొలను కట్టారు. అడుగున గులకరాళ్లు, వాటి సందుల్లోంచి వేడినీళ్లు బుడగలు బుడగలుగా పైకి వస్తాయి, కాలు కాస్త పక్కకి జరిపితే వేళ్ల మధ్య ఇంకో వేడి బుడగ తగులుతుంది, ఆ బుడగ వీపు మీదుగా పాకుతూ పైకెళ్లి పగులుతుంది. భూమిలోంచి వచ్చిన నీళ్లు గాలి కూడా తగలకముందే మన ఒంటికి తగలడం అన్నమాట. కదలకుండా కూర్చుంటే ఎక్కడ ఎక్కువ వేడొస్తోందో తెలుస్తుంది, నెమ్మదిగా అటు జరగడమే.

దీన్ని ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, జపాన్‌లో 1948 నాటి ఒన్సెన్ చట్టం ప్రకారం ఊట దగ్గర నీళ్లు 25 డిగ్రీలున్నా చాలు, లేదా చట్టంలో చెప్పిన 19 పదార్థాల్లో ఏ ఒక్కటి కావాల్సినంత ఉన్నా చాలు, ఒన్సెన్ అనేయొచ్చు. అంటే చల్లటి నీళ్లని కాచి, వడగట్టి, క్లోరిన్ కలిపి మళ్లీ మళ్లీ తిప్పినా బోర్డు మీద ఒన్సెన్ అనే ఉంటుంది. అందుకే ఏ సత్రం చూసినా అది కాకెనగాషీ పద్ధతేనా అని అడగండి, అంటే ఊట నీళ్లు ఒకవైపు నుంచి వస్తూ ఇంకోవైపు పొర్లిపోతుండాలి, వాడిన నీళ్లు తిరిగి లోపలికి రాకూడదు. త్సురునోయులో ఈ అనుమానమే అక్కర్లేదు.

చాలామంది అడగలేక అడిగేది బట్టల సంగతి. అవును, ఒంటిమీద ఏమీ లేకుండానే దిగాలి. ఈ పెద్ద కొలను ఆడా మగా కలిసి దిగేది, నీళ్లు ఎంత తెల్లగా ఉంటాయంటే మెడ కిందకి ఏమీ కనపడదు, పైగా ఎవరూ ఎవర్నీ చూడరు. అయినా ఇబ్బందిగా ఉంటే ఆడవాళ్లకి మాత్రమే ఉన్న కొలనులున్నాయి, ఆరుబయటది కూడా ఉంది, కాబట్టి ఆడవాళ్లు దీనికోసం ట్రిప్పే మానుకోవద్దు. దిగేముందు ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి, జుట్టు నీళ్లలో పడకుండా ముడేసుకోవాలి, చిన్న టవల్ నీళ్లలో ముంచకుండా తలమీదో గట్టుమీదో పెట్టుకోవాలి. వెండి పట్టీలు, ఉంగరాలు గదిలోనే తీసిపెట్టండి, గంధకం నీళ్లకి నల్లబడిపోతాయి. బీపీ ఉన్నవాళ్లు ఒకేసారి ఎక్కువసేపు కూర్చోవద్దు, దిగుతూ లేస్తూ ఉండండి, మధ్యలో మంచినీళ్లు తాగండి. బయట మంచు, లోపల వేడి, ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

రాత్రి భోజనం హోన్‌జిన్ గదుల్లో అయితే ఇరోరి దగ్గరే పెడతారు. ఉప్పు రాసి పుల్లకి గుచ్చిన ఇవానా చేప నిప్పుల పక్కన నెమ్మదిగా కాలుతుంటుంది, పైన వేలాడే కుండలో యామానోఇమో నాబే, అంటే కొండల్లో దొరికే పెండలం దుంపని తురిమి ఉండలు చేసి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసులో వేస్తారు. ఉండ పైకి మెత్తగా కనపడుతుంది కానీ కొరికితే సాగుతుంది, పులుసంతా పీల్చుకుని ఉంటుంది, ఆ చలిలో అది రెండోసారి వేయించుకోకుండా ఎవరూ లేవరు. పక్కన ఇబురిగాక్కో అని పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ఉంటే వదలకండి, అకితా వాళ్ల సొంత రుచి అది. శాకాహారులకి మాత్రం కష్టమే, కూరగాయల పులుసులా కనపడే దాంట్లో కూడా ఎండు చేప రసం ఉంటుంది జపాన్ వంటల్లో, నాబేలో మాంసం కూడా పడుతుంది. బుక్ చేసేటప్పుడే వివరంగా మాట్లాడుకోవాలి, అక్కడికెళ్లాక చెప్తే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

భోజనం అయ్యాక అరగంటో గంటో ఆగి మళ్లీ కొలను దగ్గరికి వెళ్లండి, నేను రాత్రి ఉండమంటున్నది దీనికే. దీపాల వెలుగు పసుపుగా నీళ్ల అంచుదాకా వచ్చి ఆగిపోతుంది, ఆవిరిలో ఎదుటి మనిషి మొహం కూడా సరిగ్గా తెలీదు, జుట్టు మీద పడ్డ మంచు కరిగి చెవి వెనకనుంచి కారుతుంది, మెడ కిందంతా వెచ్చగా. ఎవరూ మాట్లాడరు, పక్కన వాగు చప్పుడు ఒక్కటే. పొద్దున తెల్లవారకముందు వెళ్తే ఇంకా బాగుంటుంది, చీకటి కాస్త కాస్త పల్చబడుతుంటే ముందు మంచు, తర్వాత చెట్లు, ఆఖర్న గడ్డి కప్పు కనపడతాయి. పగటి టైంలో టికెట్ కొని వచ్చేవాళ్లకి ఈ రెండూ దక్కవు. కుదిరితే రెండు రాత్రులు ఉండండి, మొదటి రోజు ప్రయాణ బడలికతోనే సరిపోతుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే చలికాలం వద్దు, ఒక స్నానాల గది నుంచి ఇంకోదానికి ఆరుబయట మంచు తొక్కుకుంటూ నడవాలి, జారుతుంది. పడక కూడా నేలమీద ఫుతాన్ పరుపే.

రేటు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఇలాంటి సత్రాల్లో గదికి కాదు, మనిషికి లెక్క, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అందులోనే. దానిమీద స్నానపు పన్ను వేస్తారు, మామూలుగా మనిషికి రోజుకి 150 యెన్‌లు. చేతిలో క్యాష్ ఉంచుకోండి, పల్లెల్లో అన్నిచోట్లా కార్డు నడవదు. హోన్‌జిన్ గదులు నెలల ముందే అయిపోతాయి, శనివారాలు వదిలేసి వారం మధ్యలో చూడండి.

ఏడు సత్రాల్లో దేంట్లో దిగినా యుమెగురిచో అని ఒక పాస్ కొనుక్కోవచ్చు, దాంతో ఏడింట్లోనూ స్నానం చేయొచ్చు, వాటి మధ్య తిరిగే చిన్న బస్సు కూడా ఎక్కొచ్చు, పాస్ ఏడాది దాకా చెల్లుతుంది. ఇదీ రాత్రి బస చేసేవాళ్లకే అమ్ముతారు. కాకపోతే కురోయు సత్రం చలికాలమంతా మూసేస్తారు, ఏడూ తిరగాలనుకుంటే అక్టోబర్‌లో వెళ్లండి, ఆకులు రంగు మారేదీ అప్పుడే, మంచులో స్నానమే కావాలంటే మాత్రం ఫిబ్రవరి.