ఇటాలియన్ పాట్ రోస్ట్ కోసం కొన్న ఎనామిల్ ఇనప గిన్నె: కొన్నేళ్లు వాడాక

ఈ గిన్నె కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి జవాబు మొదట్లోనే చెప్పేస్తా. నెలకోసారైనా కేజీ పైన ఉండే ఒకే పెద్ద మాంసం ముక్కని మూడు గంటలు మగ్గబెట్టే ఓపిక ఉంటే కొనండి. "ఎప్పుడో ఒకసారి చేద్దాంలే" అనుకునేవాళ్లు కుక్కర్‌తో కానిచ్చేయండి. అరలో పెట్టి చూసుకోవడానికి ఇది మరీ ఖరీదైన, మరీ బరువైన వస్తువు.

నాది లోపలా బయటా గాజులాంటి ఎనామిల్ పూత ఉన్న పోత ఇనుము గిన్నె. 26 సెంటీమీటర్ల గుండ్రటిది. ఐదు లీటర్లకి కాస్త పైనే పడుతుంది. మూతతో కలిపి ఖాళీగానే ఐదు కేజీల పైమాట. ఈ రకం గిన్నెల్లో పేరు మోసినవి రెండు ఫ్రెంచ్ కంపెనీలు: 1925లో మొదలైన లె క్రూజే, 1974లో వచ్చిన స్టోబ్. నాది ఆ రెండూ కాదు, వాటికంటే బాగా చవక. కంపెనీ పేరు ఎందుకు రాయడం లేదంటే, కింద తిట్లు కూడా ఉన్నాయి.

మేముండేది ఇటలీలోని ట్యూరిన్‌లో. ఇక్కడ చలికాలం ఆదివారం భోజనం అంటే బ్రసాతో, అంటే వైన్‌లో మగ్గబెట్టిన బీఫ్. బరోలో వైన్‌లో వండితే దాన్ని బ్రసాతో అల్ బరోలో అంటారు. టస్కనీ వైపు దాదాపు ఇదే పద్ధతిలో స్ట్రాకొత్తో చేస్తారు, అందులో చాలామంది టమాటా కూడా వేస్తారు. పేరేదైనా పని ఒకటే: గట్టి ముక్క, కొంచెం ద్రవం, బిగువైన మూత, సన్నటి సెగ, బోలెడంత టైము.

ముక్క సంగతి ముందు. భుజం దగ్గరి కప్పెల్లో దెల్ ప్రేతె అనే భాగం తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు చక్ రోస్ట్ అడిగితే సరిపోతుంది. కప్పెల్లోకి మధ్యలో నిలువునా ఒక తెల్లటి జిగురు పొర ఉంటుంది. దాన్ని చూసి మొదట్లో అందరూ తీసేయమంటారు. తీయించకండి, అసలు సరుకు అదే. మా వీధి మాంసం కొట్టాయన ఏం వండుతున్నావని అడగడు, "ఎన్ని గంటలు ఉడికిస్తావు?" అంటాడు. మూడు అంటే ఇది కోసి ఇస్తాడు, ఒకటి అంటే వేరేది చూపిస్తాడు. ఈ ప్రాంతపు పియెమోంతెసె జాతి పశువుల మాంసంలో కొవ్వు చాలా తక్కువ, కాబట్టి తొడ భాగం లాంటివి గంటల తరబడి వండితే ఎండిపోతాయి.

ఇప్పుడు గిన్నె. ఇది డబ్బుకి న్యాయం చేసేది మొదటి పదిహేను నిమిషాల్లోనే. ముక్కకి ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున తడి మొత్తం పేపర్ టవల్‌తో ఒత్తి తీసేసి, వేడెక్కిన నూనెలో దింపుతాను. పల్చటి స్టీలు గిన్నెలో ఇదే పని చేస్తే, చల్లటి మాంసం తగలగానే గిన్నె వేడి పడిపోతుంది, ముక్క నీళ్లు వదిలి వేగడం మానేసి ఉడకడం మొదలుపెడుతుంది, బూడిద రంగుకి తిరుగుతుంది. ఇనుము అలా లొంగదు. చుయ్ మన్న మోత తగ్గకుండా అలాగే ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేస్తే ముక్క తనే అడుగు వదులుతుంది, తిప్పితే కింద ముదురు గోధుమ రంగు పెంకు కట్టి ఉంటుంది. అడుగున అంటుకున్న మాడు రంగు పొర కూడా అంతే ముఖ్యం. ముక్క తీసి పక్కన పెట్టి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ వేసి మెత్తబడేదాకా వేయించి, చెంచాడు టమాటా పేస్టు కలిపి, వైన్ పోసి చెక్క గరిటెతో గీకితే ఆ పొరంతా వైన్‌లోకి దిగిపోతుంది. సాస్‌కి రంగూ రుచీ అక్కడినుంచే.

వైన్ సగానికి ఇంకాక ముక్కని మళ్లీ పెట్టి, దాని సగం ఎత్తు వరకే ద్రవం ఉండేలా చూసి, మూత పెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లోకి. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు.

వైన్ గురించి ఇక్కడివాళ్లతో వాదించే ధైర్యం నాకు లేదు గానీ, ఇక్కడ రాసుకుంటా: బరోలో పోయనక్కర్లేదు. లాంగె కొండల్లో నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఆ వైన్‌ని అమ్మకానికి ముందు కనీసం 38 నెలలు నిలవ ఉంచాలన్నది చట్టం. అందుకే ఆ ధర. ఆ సీసాని గ్లాసులో పోసుకుని, గిన్నెలోకి బార్బెరా అనే చవక ఎర్ర వైన్ పోయండి. రాత్రంతా వైన్‌లో నానబెట్టాలన్న నియమాన్ని కూడా నేను వదిలేశాను. వైన్ ముక్క లోపలికి పెద్దగా దిగదు, పైనేమో తడిసిపోయి సరిగ్గా వేగదు. ఇంకో మాట: మూడు గంటలు ఉడికితే మద్యమంతా ఆవిరైపోతుందని చాలామంది అంటారు. చాలావరకు పోతుంది, కొద్దిగా మిగులుతుంది. అసలు ముట్టనివాళ్లు ఇంటికొస్తే నేను వైన్ మానేసి, ఎముకల రసం, టమాటా, చివర్లో కాస్త వెనిగర్‌తో చేస్తాను. అది బ్రసాతో కాదు, కానీ మంచి కూరే.

మసాలాలు చూస్తే మన పోపుల డబ్బా గుర్తొస్తుంది: లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, మిరియాలు, ఆకు. ఒక్క జాగ్రత్త. ఇక్కడి లారెల్ ఆకు, మన బిర్యానీ ఆకు ఒకటి కావు. నిలువునా మూడు ఈనెలు ఉండే మన ఆకుకి దాల్చినచెక్క వాసన ఉంటుంది. అది వేసేట్టయితే చెక్క మానేయండి. లవంగాలు రెండే. మన చెయ్యి ఊరుకోదు, ఐదారు పడేస్తుంది, అప్పుడు సాస్‌కి పంటి మందు వాసన వస్తుంది.

మా అమ్మ వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా ఒకటే మాట: "కుక్కర్‌లో పడేయక, మూడు గంటలు కరెంటు తగలేయడమేంటే?" నిజానికి కరెంటు సమస్య ఉంది. ఇటలీలో మామూలు ఇళ్లకి 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. ఓవెన్ నడుస్తుండగా వాషింగ్ మెషీన్ వేసి, ఇండక్షన్ మీద టీ పెట్టామంటే మీటర్ ట్రిప్ అయి కరెంటు పోతుంది. బట్టలు ఉతికే ఆదివారం, బ్రసాతో చేసే ఆదివారం మా ఇంట్లో వేరు వేరు.

అమ్మ మాట మీద కుక్కర్‌లోనూ చాలాసార్లు చేశాను. యాభై నిమిషాలకి మాంసం మెత్తబడుతుంది, అందులో లోటు లేదు. తేడా రెండు చోట్ల. కుక్కర్‌లోంచి ఆవిరి పెద్దగా బయటికి పోదు కాబట్టి సాస్ నీళ్లలా ఉంటుంది, తర్వాత విడిగా ఇంకించాలి. రెండోది, లోపల వేడి 100 డిగ్రీలు దాటిపోతుంది కాబట్టి ముక్క పీచులు పీచులుగా విడిపోతుంది. రొట్టె మధ్య పెట్టుకోవడానికి అది బాగుంటుంది, పళ్లెంలో నిలబడే ముక్కలుగా కోయడానికి రాదు. వారం మధ్యలో నేను కుక్కరే వాడతాను.

మొదటిసారి చేసేవాళ్లకి టెన్షన్ పెట్టేది గంటన్నర దగ్గర. మూత తీసి ఫోర్క్ గుచ్చితే పచ్చి ముక్కకంటే గట్టిగా ఉంటుంది. పీచులు బిగుసుకుని నీళ్లు వదిలేసిన దశ అది, లోపలి జిగురు పొర ఇంకా కరగలేదు. మూత పెట్టేయండి. ముక్క లోపల 70 డిగ్రీలు దాటాక అది నెమ్మదిగా కరగడం మొదలవుతుంది, 90 దగ్గర్లో కొంతసేపు నిలిస్తే బాగా కరిగి జిలాటిన్ అవుతుంది. రెండున్నర గంటలు దాటాక ఫోర్క్ గుచ్చి చూడండి, అడ్డం లేకుండా దిగుతుంది.

చేపల పులుసులాగే ఇదీ మర్నాటికే బాగుంటుంది. చల్లారాక పైన గడ్డకట్టిన కొవ్వుని పొరలా ఎత్తేయొచ్చు. సాస్ జిలాటిన్ వల్ల వణుకుతూ నిలబడుతుంది. చల్లటి ముక్కని సెంటీమీటర్ మందంతో కోస్తే చెదరదు, ఆ ముక్కల్ని సాస్‌లోనే నెమ్మదిగా వేడి చేసి పొలెంతా (మొక్కజొన్న పిండి సంకటి) మీద వడ్డించాలి. మిగిలిన దాన్ని ఇక్కడివాళ్లు సన్నగా నూరి అన్యొలొత్తి అనే పాస్తాలో కూరుతారు. నాకంత ఓపిక లేదు, అన్నంలో కలిపేస్తా. ఒకటి గుర్తుంచుకోండి: ఈ గిన్నె వేడిని పట్టుకు కూర్చుంటుంది కాబట్టి పొయ్యి మీదే రాత్రంతా వదిలేయకూడదు. వెడల్పాటి గిన్నెలోకి తీసి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక తిట్లు. బరువు మొదటిది. రెండు లీటర్ల కూరతో నిండిన గిన్నెని ఓవెన్ కింది అరలోంచి వంగి తీయడం నడుము నొప్పి ఉన్నవాళ్ల పని కాదు. పిడులు చిన్నవి, మందపాటి గుడ్డతో పట్టుకుంటే వేళ్లు సరిగ్గా దూరవు. మూత అంచు దగ్గర రెండో ఏటే చిన్న పెచ్చు ఊడింది. కిందేమీ పడలేదు, మూత పెట్టేటప్పుడు గిన్నె అంచుకి తగిలిందంతే. కొన్న షాపులో అడిగితే, పెచ్చులు గ్యారంటీలోకి రావన్నారు, ఆ మాట కాగితంలో ఎక్కడ రాసుందో మాత్రం చూపించలేదు. అక్కడ తుప్పు పట్టకుండా కడిగిన వెంటనే తుడిచి, కాస్త నూనె రాస్తున్నాను. లోపలి లేత రంగు ఇప్పుడు టీ మరక రంగుకి వచ్చింది. వంటసోడా వేసి మరిగిస్తే కొంత పోతుంది, పూర్తిగా పోదు. ఇండక్షన్ మీద ఒకేసారి ఫుల్లుగా పెట్టకండి, వేడి గిన్నెలో చన్నీళ్లు పోయకండి, ఎనామిల్ పగుళ్లిస్తుంది. డిష్‌వాషర్‌లో వేస్తే మెరుపు పోతుంది.

బ్రసాతో కాకుండా ఇందులో నేనెక్కువ చేసేది పెపోజో. ఫ్లోరెన్స్ పక్కన ఇంప్రునెతాలో పెంకులు కాల్చే బట్టీల దగ్గర పుట్టిన వంటకం. మాంసం, వెల్లుల్లి, కియాంతి వైన్, గుప్పెడు మిరియాలు, అంతే. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి మీద బ్రునెల్లెస్కి కట్టిన గోపురానికి పెంకులు కాల్చిన పనివాళ్లే దీన్ని మొదలుపెట్టారని చెప్పుకుంటారు. మన స్నేహితులు భోజనానికొస్తే బ్రసాతో చూసి "కారం లేదేంటి" అంటారు, పెపోజో మాత్రం ఊడ్చిపెడతారు. గోంగూర మటన్ కూడా ఇందులో చక్కగా కుదురుతుంది. ఎనామిల్ కాబట్టి పులుపుకి లోహం రుచి దిగదు. పూత లేని ఇనప మూకుడులో గంటల తరబడి గోంగూర పెట్టలేం కదా.

బీఫ్ తినని ఇంట్లో గొర్రె భుజంతో ఇదే పద్ధతి, కాకపోతే అరగంట ముందే చూడాలి. హైదరాబాద్‌లో పెద్దకూర తెచ్చుకునేవాళ్లు కొంచెం ఎక్కువ టైము పెట్టుకోండి. అది ఎక్కువగా బర్రె మాంసమే, కొవ్వు తక్కువ. కొనే ముందు మీ ఓటీజీ (టేబుల్ మీద పెట్టే కరెంటు ఓవెన్) లోపలి ఎత్తు టేపుతో కొలుచుకోండి, మూత పిడితో కలిపి ఇలాంటి గిన్నె చిన్న ఓటీజీల్లో పట్టదు. ఓవెన్ లేకపోతే పొయ్యి మీద చిన్న బర్నర్‌కి ఇనప పెనం అడ్డం పెట్టి దాని మీద గిన్నె ఉంచండి, అరగంటకోసారి ముక్క తిప్పండి. ఇటలీలో చాలా ఇళ్లలో ఇందుకోసం స్పార్జిఫియమ్మా అని ఒక పల్చటి రేకు బిళ్ల వాడతారు, కొన్ని యూరోలకే దొరుకుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే 26 కాకుండా 24 సెంటీమీటర్లది తీసుకుంటా. నలుగురికి అది చాలు, ముక్క చుట్టూ ఖాళీ తక్కువగా ఉంటే వైన్ కూడా తక్కువ పడుతుంది. లోపల నలుపు రంగుది మరకలు చూపించదు, కానీ అడుగు ఎంతవరకు వేగిందో కనపడదు. నేను మళ్లీ లేత రంగుదే కొంటాను.