సింక్ నొక్కితే తీన్‌మార్ నీరసపడింది: ఉచిత బ్రౌజర్ డీజేతో నా అనుభవం

బ్రౌజర్‌లోనే తెరిచి రెండు పాటలు కలిపి వాయించే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్ ఒకటి నేను వాడుతున్నా. ఈ బ్రౌజర్ డీజే ఎట్లా ఉంది అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే, తీన్‌మార్ పాట పెట్టినప్పుడు రెండు పాటల వేగం ఒకటి చేసే సింక్ బటన్ జోలికి పోకండి. పాటలు వేసే రెండు డెక్‌లు, మధ్యలో ఒక డెక్ నుంచి ఇంకోదానికి జరిపే క్రాస్‌ఫేడర్, బేస్ ట్రెబుల్ మార్చే ఈక్యూ, ఒక ముక్కనే తిప్పి తిప్పి వాయించే లూపులు ఇవన్నీ ఇలాంటి వాటన్నింట్లో ఉండేవే, తెరిచి చూస్తే తెలిసిపోతాయి, వాటి గురించి రాయను.

నిజానికి మొదట్లో నాకు తెగ నచ్చింది ఆ సింక్ బటనే. ఒక డెక్‌లో 124 బీపీఎం, అంటే నిమిషానికి 124 దెబ్బల పాట నడుస్తుంటే రెండో డెక్‌లో 128ది వేసి సింక్ కొడితే చాలు, రెండూ ఒకే నడకకు వచ్చేస్తాయి, ఒకదాని కిక్ డ్రమ్ దెబ్బ మీద ఇంకోదాని దెబ్బ సరిగ్గా పడుతుంది. చెవితో విని ఇదే పని చేయాలంటే చాలా సాధన కావాలి. క్లబ్ రీమిక్సులు, కంప్యూటర్ మీద కట్టిన ఈ మధ్య సినిమా పాటలు అయితే దీనికి తిరుగులేదు. రూమ్‌లో ఫ్రెండ్స్ కోసం చాన్నాళ్లు అవే కలుపుతూ వచ్చా, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, అడిగిన వాళ్లందరికీ ఇదే వాడమని కూడా చెప్పా.

మా చిన్నాయన బిడ్డ పెండ్లికి కరీంనగర్ పోయినప్పుడు అసలు సంగతి బయటపడింది. బరాత్‌కు డీజే బండి ఎట్లాగూ మాట్లాడారు, ముందురోజు రాత్రి ఇంటి ముందు పందిట్లో పాటలు మాత్రం "నువ్వున్నవ్ గదా, నువ్వే పెట్టు" అని నా మీద వేశారు. అద్దెకు తెచ్చిన పెద్ద స్పీకర్లు, యాంప్లిఫైయర్, దానికి నా పాత ల్యాప్‌టాప్ నుంచి ఒక వైరు. ముందు పిల్లలు ఎగిరారు, తర్వాత చిన్నమ్మలు వచ్చారు, అంతా బాగానే నడిచింది. భోజనాలయ్యాక కాకలు లేచి తీన్‌మార్ పెట్టమన్నారు. అప్పటికి 128లో ఒక రీమిక్స్ నడుస్తోంది. తీన్‌మార్ ట్రాక్ రెండో డెక్‌లో వేసి, సింక్ నొక్కి, ఫేడర్ ఇటు జరిపా.

డప్పు వచ్చింది కానీ సాగదీసినట్టు వచ్చింది. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టే కీలాక్ పెట్టి ఉండటంతో గొంతు శ్రుతి మారలేదు, అందుకే మొదటి క్షణం తప్పెక్కడుందో అర్థం కాలేదు. నడక మాత్రం ఈడ్చుకుంటోంది, ప్రతి దెబ్బ చివరా గరగరమంటూ చెదిరిపోతోంది. చేతులు పైకి లేపి మొదటి అడుగుకు రెడీగా నిలబడ్డ కాక నా వైపు తిరిగి "ఏందిరా, కొట్టెటోళ్లకు అన్నం పెట్టలేదా?" అన్నాడు, పందిరంతా నవ్వు. సరే, సింక్ తీసేస్తే పాట తన వేగానికి తాను వస్తుంది అనుకుంటాం కదా. రాదు. టెంపో స్లయిడర్ ఎక్కడికి దిగిందో అక్కడే ఉండిపోతుంది, దాని మీద డబుల్ క్లిక్ చేస్తే గానీ సున్నాకు రాదు, ఆ విషయం స్క్రీన్ మీద ఎక్కడా రాసి ఉండదు. అది దొరికేలోపు పాట సగం అయిపోయింది, కాక పోయి కుర్చీలో కూర్చున్నాడు.

తర్వాత తీరిగ్గా చూస్తే ఆ ట్రాక్ పక్కన బీపీఎం 150 అని ఉంది. అడుగులేసి లెక్కపెడితే నిమిషానికి 100. తీన్‌మార్ మూడు మూడుగా నడుస్తుంది, ఒక్కో అడుగులో మూడు చిన్న దెబ్బలు, అంటే నిమిషానికి 300. ఈ సాఫ్ట్‌వేర్ ఆ మూడొందలూ సరిగ్గానే విన్నది, కాకపోతే మూడేసి కట్టాల్సిన చోట రెండేసి కట్టి 150 అనుకుంది. సింక్ అనగానే ఆ 150ని 128కి దించింది. దాదాపు 15 శాతం కోత. నిమిషానికి 100 అడుగులు పడాల్సిన పాట 85కి పడిపోతే ఆడేవాళ్ల కాలికి తెలియకుండా ఉంటుందా.

లెక్క తప్పడం మీద నాకంత కోపం లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా నాలుగు దెబ్బల పాటల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే, 70 పాటను 140 అని చూపించడం మామూలే, అందుకే దీంట్లోనూ రెట్టింపు చేసే బటన్, సగం చేసే బటన్ ఇచ్చారు. మూడింట రెండొంతులు చేసే బటన్ ఏది? 150ని 100 చేయడానికి అదొక్కటే మార్గం. మిక్స్ అని, పేరు చివర మూడు ఎక్స్‌లు ఉండే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాని మెనూలో 2/3, 3/4, 4/3, 3/2 అన్నీ ఉన్నాయి. అంటే అసాధ్యమైన పనేం కాదు, ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు, అంతే. పాట వింటూ తడితే బీపీఎం లెక్కగట్టే ట్యాప్ బటన్ ఉంది కానీ అది పైన అంకె మార్చి ఊరుకుంటుంది, కింద దెబ్బ ఎక్కడ పడుతుందో చూపే బీట్ గీతలు మాత్రం పాత చోటే ఉంటాయి. ఆర్కెస్ట్రాతో ఒకేసారి వాయించి రికార్డ్ చేసిన పాతకాలం పాటలకూ ఇదే గతి, మనుషులు వాయించిన వేగం మధ్యలో కొంచెం పెరుగుతుంది, తగ్గుతుంది, గీతలు మాత్రం కదలవు.

ఆ రాత్రి చివరికి గట్టెక్కించింది మాత్రం దీంట్లోని లూప్, ఎకోనే, అది కూడా చెప్పాలి. నడుస్తున్న పాటలో చివరి నాలుగు దెబ్బలు లూప్ చేసి, బేస్ పూర్తిగా తీసేసి, ఎకో వేసి ఆపేస్తే ఒక ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో డప్పును దాని సొంత వేగంతో వదలాలి. కలపడమే లేదు, అయినా సింక్‌తో కలిపినదానికంటే జనం దీనికే ఎక్కువ అరిచారు. రెండో పాటకు కాక లేచాడు.

ఇన్‌స్టాల్ అక్కర్లేదు, ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది అని నేను అందరికీ చెప్పిన మాటను కొంచెం సవరించుకోవాలి. ఇది పాటను మొత్తం విప్పి మెమరీలో పెట్టుకుంటుంది, ఐదు నిమిషాల పాట ఎంపీ3గా పది ఎంబీ ఉన్నా విప్పాక 100 ఎంబీ దాటుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో రెండు పాటల వరకు పర్లేదు, గంట నిడివి నాన్‌స్టాప్ వేస్తే ట్యాబ్ కూలిపోయింది. పాటలో ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుగా పెట్టుకున్న క్యూ పాయింట్లన్నీ బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది కాబట్టి హిస్టరీతో పాటు సైట్ డేటా తుడిస్తే అవీ పోతాయి. బ్లూటూత్ స్పీకర్‌తో అయితే అసలొద్దు, ఫేడర్ ఇప్పుడు జరిపితే శబ్దం కాసేపాగి మారుతుంది. తర్వాతి పాటను హెడ్‌ఫోన్‌లో ముందుగా వినాలంటే ఎడమ కుడి విడదీసే వైరు కొనుక్కోవాలి, అప్పుడు స్పీకర్లకు మోనోనే పోతుంది, పందిట్లో అది ఎవరూ గమనించరు. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన చిన్న మిడి కంట్రోలర్, అదే చేత్తో తిప్పే నాబ్‌లు, ఫేడర్లు ఉండే పెట్టె, మాత్రం క్రోమ్‌లో పెట్టగానే పనిచేసింది, అది నేను ఊహించలేదు. ఐఫోన్ సఫారీలో ఆ ముచ్చట లేదు.

ఇంత తిట్టినా నేనింకా ఇదే వాడుతున్నా. నేను వాయించేది ఇంటి ఫంక్షన్లలో, డబ్బులు తీసుకోను, ఆ మూడు ఎక్స్‌ల మిక్స్ కోసం ఈ పాత ల్యాప్‌టాప్‌ను మళ్లీ సర్దుకునే ఓపిక ప్రస్తుతానికి లేదు. మీరు ఎక్కువగా రీమిక్సులే కలిపేవాళ్లయితే నా గొడవంతా మీకు పట్టకపోవచ్చు. బరాత్‌లు, నిమజ్జనాలు మీ పనైతే మాత్రం ముందు మీ దగ్గరున్న తీన్‌మార్ ట్రాకులన్నీ ఒక్కొక్కటే వేసి బీపీఎం ఎంత చూపిస్తోందో చూసుకోండి, 140, 150 అని కనబడిన వాటిని అడుగులేసి సరిచూడండి, తేడా వచ్చిన వాటికి సింక్ ఆపేసి పెట్టుకోండి.